పనితనం రక్తంలో ఉంటుందా?

మన పిల్లల గురించి బయటివాళ్లు మెచ్చుకోలుగా అనే మాట ఒకటుంది. "వీళ్లకు కళ రక్తంలోనే ఉంటుంది" అంటారు. ప్రదర్శనలో డోక్రా బొమ్మను చేతిలోకి తీసుకుని అంటారు. బడికి వచ్చిన అధికారి పిల్లల గుస్సాడీ చూసి అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది, పిల్లలు కూడా నవ్వి ఊరుకుంటారు. అయితే ఆ మాట వెనకే ఇంకో మాట వస్తుంది గమనించండి. "చదువు వీళ్లకు కాస్త కష్టమే గాని, ఏదో ఒక చేతిపని నేర్పిస్తే బతికిపోతారు." ఈ రెండు మాటలూ ఒకే చెట్టు కొమ్మలు. పనితనం రక్తంలో ఉందనుకుంటే దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పేవారికి జీతం ఇవ్వక్కర్లేదు. నేర్చుకునేవారు పడిన ఏళ్ల కష్టాన్ని లెక్కలో వేయక్కర్లేదు. తేనెటీగకు తేనె పట్టడం ఎవరు నేర్పారు అన్నట్టుగా మన పనిని చూస్తారు.

ఒక యువకుడో యువతో తన వృత్తిలో మామూలు పనివాళ్ల స్థాయి దాటి నిజమైన పనిమంతులు కావడానికి ఏది తోడ్పడుతుంది? దీనికి జవాబు వెతకడానికి మన ఊళ్లు వదిలి ముందు హైదరాబాద్ పాతబస్తీకి పోదాం. అక్కడ చేతిపనులు ఎన్నో తరాలుగా నడుస్తున్నాయి. పైగా అక్కడి పేరుపొందిన సరుకుల్లో ఒకదానికి మూలం మనలాంటి వాళ్ల అడవే.

చార్మినార్ నుంచి పడమరగా సాగే వీధి లాడ్ బజార్. లక్క గాజులకు అది పేరు. లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు పెట్టే జిగురు. మన దేశంలో అది ఎక్కువగా వచ్చేది ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి. కొమ్మ నరికి, లక్క గీకి, సంతకు మోసుకొచ్చేవాళ్లలో చాలామంది ఆదివాసులు. దీని మీద పరిశోధన కోసం రాంచీ దగ్గర 1924లోనే ఒక సంస్థ పెట్టారు. ఆ లక్కే లాడ్ బజార్‌లో మెరిసే గాజు అవుతుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు గాజు చేసిన ఊరికి వచ్చింది, లక్క తీసిన అడవికి రాలేదు. లక్క గీకేవాళ్లకు న్యాయమైన ధర రావాలన్నది వేరే పోరాటం, అది ఉండాల్సిందే. కానీ సంచిలోని ముడి లక్కకూ, పెళ్లికూతురు చేతి గాజుకూ నడుమ ఉన్న తేడా పేరు పనితనం. మన పిల్లలు తేరిపార చూడాల్సింది దాన్ని.

పని చూస్తే తేలికగా కనిపిస్తుంది. బొగ్గుల కుంపటి మీద లక్కను వేడిచేసి, రంగు కలిపి, మెత్తబడ్డ ముద్దను పొడవుగా సాగదీస్తారు. కొలత ప్రకారం చుట్టి గాజు చేస్తారు. ఆ మెత్తదనం మీదే రాళ్లను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా వరసలో పొదుగుతారు. వేడి ఎక్కువైతే రాయి లక్కలో మునిగిపోతుంది. తక్కువైతే పట్టు దొరకదు, నాలుగు రోజుల్లో రాలిపోతుంది. ఆ రెంటి మధ్య సరైన వేడి ఏదో చెప్పడానికి అక్కడ థర్మామీటరు ఉండదు, వేలే చెబుతుంది. వేలికి ఆ తెలివి వచ్చేదాకా ఎన్ని గాజులు పాడవుతాయో, ఆ పాడైన గాజుల నష్టం ఎవరు భరిస్తారో, అసలు సంగతంతా అక్కడ ఉంది.

నష్టం నేర్చుకునేవాడే భరించాలంటే వాడు భయపడుతూ చేస్తాడు. వచ్చిన ఒక్క పద్ధతినే పట్టుకుని కొత్తది చేసి చూడడు. రాళ్లు పొదిగే పని పాతబస్తీలో చాలావరకు ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగా సాగుతుంది, కూలి ముక్కల లెక్కన. ఆ లెక్కలో సంఖ్యకు చోటుంది గాని చక్కదనానికి లేదు. వరస తప్పకుండా పొదిగిన ఆమెకూ, తొందరగా ముగించిన ఆమెకూ డజనుకు అంతే అయితే, మొదటి ఆమె ఎందుకు కళ్లు నొప్పి పెట్టేదాకా చూసుకోవాలి? అయినా చూసుకునేవాళ్లు ఉన్నారు. అది వాళ్ల గొప్పతనం. ఆ గొప్పతనం మీద ఆధారపడి వ్యాపారం చేయడం మాత్రం గొప్ప కాదు.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న తప్పించుకోలేం. "చిన్నప్పుడే మొదలుపెడితేనే చేయి తిరుగుతుంది" అని అన్ని వృత్తుల పెద్దలూ అంటారు, మన ఊళ్లలో కూడా. ఇందులో కొంత నిజం ఉంది. లేత వేళ్లు త్వరగా నేర్చుకుంటాయి. కానీ 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చిన వాళ్లు. ఇరుకు గదుల్లో, లక్క పొగలో, పొద్దస్తమానం గాజులు చేయించారు. అయినవాళ్లు దగ్గర లేరు, బడి లేదు.

చిన్నప్పుడే మొదలుపెట్టడం, ఎక్కువ గంటలు చేయడం, ఈ రెండే పనిమంతుణ్ని తయారుచేసేవైతే ఆ గదుల నుంచి దేశంలోకెల్లా గొప్ప గాజుల ఉస్తాదులు రావాలి. రాలేదు, రారు కూడా. దీన్ని నేను దయ గురించిన వాదనగా చెప్పడం లేదు. దయ గురించి చట్టం ఎప్పుడో చెప్పింది. వెట్టిచాకిరీ 1976 నుంచి నేరం. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ కూలికి పెట్టకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. నేనంటున్నది పనితనం వైపు నుంచి. ఆ గదుల్లో పని జరిగింది, కానీ నేర్పడం జరగలేదు.

తేడా ఎక్కడుంది? పాతబస్తీ మాటల్లోనే చెప్పుకుంటే, ఉస్తాదు దగ్గర ఉండేవాడు షాగిర్దు. షాగిర్దు చేసింది బాగా లేకపోతే ఉస్తాదు దాన్ని వెనక్కిస్తాడు, ఎందుకు బాగాలేదో చూపిస్తాడు. కార్ఖానాలో కూలికి కట్టేసిన పిల్లవాడు చేసింది బాగా లేకపోతే వాడికి దొరికేది తిట్టో దెబ్బో. షాగిర్దుకు ఈ మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఉందని తెలుసు. ఇవాళ సాన పట్టడం, వచ్చే ఏడు చెక్కడం. ఆ పిల్లవాడికి ఒకే మెట్టు, అదీ ఎన్నేళ్లయినా. రాయి పొదిగే పిల్లవాడికి లక్క కాచే గుట్టు ఎవరు చూపిస్తారు? చూపిస్తే రేపు వాడు సొంత కుంపటి పెట్టుకుంటాడు. వస్తువును మొదటి నుంచి చివరిదాకా చూడనివాడికి తన చేతిలోని ముక్క ఎందుకు అలా ఉండాలో తెలియదు. తెలియనప్పుడు వేగం వస్తుంది గాని మెళకువ రాదు.

ఉస్తాదులందరూ ధర్మరాజులని నా ఉద్దేశం కాదు. చివరి కిటుకు తమ కొడుక్కి తప్ప చెప్పనివాళ్లు అన్ని వృత్తుల్లోనూ ఉన్నారు. ఆడపిల్లకు కుంపటి దగ్గర కాక గడప లోపలే పని అప్పగించేది కూడా ఆ సంప్రదాయమే. అందుకే గురుశిష్య సంబంధం అనగానే చేతులు జోడించే అలవాటు నాకు లేదు. ఆ సంబంధం లోపల పనిచేసే అంశం ఏదో విడదీసి చూసుకోవాలి, అంతే.

దాన్ని అందంగా చూపించేది ఛత్తా బజార్. పెళ్లి శుభలేఖలు అచ్చువేసే దుకాణాల వీధి అది. ఒకప్పుడు అక్కడ ఉర్దూ రాతను చేతితో రాసే కాతిబులకు చేతినిండా పని ఉండేది. 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక వాళ్ల పని చాలావరకు కంప్యూటర్‌కు పోయింది. వాళ్లు నేర్చుకునే పద్ధతి వినండి. కలం మొన ఒక్కసారి అద్దితే నాలుగు పలకల చుక్క పడుతుంది, దాన్ని నుక్తా అంటారు. అక్షరాల కొలత అంతా ఆ చుక్కల్లోనే. నస్తలీక్ రాతలో అలిఫ్ సుమారు మూడు చుక్కల ఎత్తు. మిగతా అక్షరాల వంపులు, వెడల్పులు కూడా అలాగే కొలుస్తారు. శిష్యుడు ఒకే అక్షరాన్ని రోజుల తరబడి రాస్తాడు. ఉస్తాదు దాని పక్కన చుక్కలు పెట్టి ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో చూపిస్తాడు.

నాకు ఇందులో నచ్చింది ఏమంటే, కొలత శిష్యుడి కలంలోనే ఉంది. కొన్నాళ్లకు ఉస్తాదు లేనప్పుడు కూడా వాడు తన అక్షరం పక్కన తానే చుక్కలు పెట్టుకుని తప్పు పట్టుకోగలడు. మంచికీ చెడ్డకూ తేడా ఉస్తాదు నోట్లోంచి శిష్యుడి కంట్లోకి వచ్చేసింది. మన బడుల్లో మనం పెట్టే మార్కులు ఈ పని చేయవు. పదికి ఆరు వచ్చాయంటే ఆ నాలుగు ఎక్కడ పోయాయో పిల్లకు తెలియదు. వృత్తి శిక్షణ కేంద్రాల్లో ఇచ్చే సర్టిఫికెట్ కూడా అంతే. ఉత్తీర్ణుడని చెబుతుంది, ఏది ఎందుకు బాగుందో చెప్పదు.

అన్నిటినీ చుక్కలతో కొలవలేం, అది కూడా నిజమే. బిద్రీ పని చూడండి. బీదర్‌లో పుట్టి, హైదరాబాద్ నవాబుల కొలువులో పేరు తెచ్చుకున్న పని. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోదే. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపిన లోహాన్ని పోతపోసి, చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగ పొదుగుతారు. చివర్లో నవాసారం కలిపిన బీదర్ కోట మట్టి నీళ్లలో వేడి చేస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. ఆ మట్టి పనికొస్తుందో లేదో అక్కడి పనివాళ్లు నాలుక మీద పెట్టుకుని చూస్తారు. ఆ రుచిని ఏ పుస్తకంలో రాస్తాం? పక్కన కూర్చున్నవాడికే అది అందుతుంది. బీదర్ బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటివాళ్లు పోయేలోగా ఎంతమంది పక్కన కూర్చున్నారన్నదే లెక్క.

మన గుస్సాడీ కనకరాజు గారి సంగతి కూడా అంతే. మార్లవాయి గ్రామానికి చెందిన ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో వెళ్లిపోయారు. ఆయన చుట్టూ అడుగులు కలిపిన పిల్లలు ఉన్నారు కాబట్టే ఆ అడుగు ఇంకా ఉంది. రక్తంలో ఉంటే ఆయన నేర్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

పాతబస్తీలో నేను గమనించే ఇంకో సంగతి భాష. అక్కడి కార్ఖానాలో ఉస్తాదు పని చెప్పేది దక్కనీలో, ఇంట్లో అమ్మ మాట్లాడే భాషలో. ముందు ఇంకో భాష నేర్చుకుని రా, తర్వాత ఉలి ఇస్తానని ఎవరూ అనరు. మన పిల్లవాడు ఐటీఐకి పోతే పనిముట్టు పేరు ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, వాడికి ఆలోచన గోండిలో. సుత్తి చేతికి రాకముందే మూడు గుట్టలు ఎక్కాలి. మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు గోండిలో వాచకాలు కూడా తయారుచేయించాడు. చదువుకు అది అవసరమని అప్పుడే తెలిసింది. చేతిపనికీ అంతే అవసరం.

ఐటీఐలను తక్కువ చేయడం లేదు. తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. రోబో యంత్రాలు, సీఎన్‌సీ యంత్రాలు వస్తున్నాయి. మన పిల్లలు వాటి ముందు నిలబడాలి. లక్క, మట్టి, వెదురు మాత్రమే మన పిల్లలకు రాసిపెట్టిన వృత్తులు కావు. ఆ ఆలోచన మళ్లీ రక్తం దగ్గరికే తీసుకుపోతుంది. కానీ యంత్రం కొత్తదైనంత మాత్రాన నేర్పే సంగతి మారదు. పిల్ల కోసిన ఇనుప ముక్కను చేతిలోకి తీసుకుని "ఇక్కడ చూడు" అనే మనిషి ఆ గదిలో ఉన్నాడా? పాడైన ముక్కల ఖర్చు శిక్షణ ఖర్చులో కలిపారా, లేక పిల్లను రెండోసారి యంత్రం ముట్టనివ్వకుండా చేశారా? ఈ ప్రశ్నలు లాడ్ బజార్ కుంపటి దగ్గర ఎలాంటివో అక్కడా అలాంటివే.

మన దగ్గరికి వద్దాం. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉషెగాం, కెస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజాలు చేసే ఇత్తడి పని అది. మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనం కరగదీసి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. గాజు పనిలో తప్పు చేస్తే వేలికి వెంటనే తెలుస్తుంది. డోక్రాలో మైనం దగ్గర చేసిన తప్పు ఎన్నో రోజులకు, అచ్చు పగిలాకే బయటపడుతుంది. అప్పటికి ఏ చోట పొరపాటు జరిగిందో నేర్చుకునే పిల్లకు గుర్తుండదు. అందుకే ఆ పనిలో అనుభవం ఉన్న మనిషి మైనం దశలోనే పక్కన ఉండాలి. ఆ మనిషి లేకుండా మైనం, ఇత్తడి, కొలిమి కిట్టుగా పంచిపెట్టే పథకం వల్ల మిగిలేది పగిలిన మట్టి.

ఇక ధర. దీని గురించి మన అడవిలోనే మంచి ఉదాహరణ ఉంది, తపసి బంక. తెలుగు రాష్ట్రాల్లో ఆదివాసులు సేకరించే ఈ బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి బంక తీసేవారు. చెట్లు చచ్చిపోయేవి. బంకలో బెరడు, మట్టి కలిసేవి. తర్వాత చిన్న గాటు పెట్టడం, శుభ్రంగా తీయడం, ఏరి రకాలుగా విడదీయడం నేర్పారు. నేర్పడంతో పాటు రకాన్ని బట్టి ధర ఇచ్చారు. మొదటి రకానికి ఎక్కువ, మట్టి బంకకు తక్కువ. అప్పుడు చేయి మారింది. శిక్షణ ఒక్కటే ఇచ్చి అన్నిటికీ ఒకటే ధర పెట్టి ఉంటే ఎవరు మాత్రం గంటలకొద్దీ కూర్చుని ఏరుతారు? చక్కగా చేసినదానికి విలువ ఇవ్వని సంతలో చక్కగా చేయమని పిల్లలకు నీతి చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కొందరు మిత్రులు దీనికి అడ్డు చెబుతారు. నిజమైన పనిమంతుడు ధర కోసం చేయడు, పని మీద ప్రేమతో చేస్తాడంటారు. ప్రేమ ఉంటుంది, కాదనను. కిక్రి వాయించే మన పర్ధాన్ పెద్దలను చూస్తే అది తెలుస్తుంది. కానీ ఆ పెద్దల కిక్రి వెనక వాళ్లకు ధాన్యం కొలిచి ఇచ్చే గోండు ఇళ్లు ఉండేవి. విని తప్పుపట్టగల చెవులు ఉండేవి. కథలో ఒక తరం పేరు తప్పితే ముసలివాళ్లు అక్కడే ఆపేవారు. ప్రేమను నిలబెట్టింది ఆ గింజలూ ఆ చెవులూ. ఇవాళ పిల్లవాడి కిక్రిని మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీసుకుంటారు. తప్పుపట్టగలవాళ్లు తగ్గిపోయారు. నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇదే.

ఉపాధ్యాయులుగా మన చేతిలో ఏముంది? 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉండాలంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారులు. పది రోజుల్లో ఎవరూ పనిమంతులు కారు, ఆ భ్రమ వద్దు. కానీ పిల్ల ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూడగలదు. తన పని వెనక్కి వస్తే ఎలా ఉంటుందో తెలుసుకోగలదు. బాగా చదివే పిల్లలను కూడా ఆ పది రోజులకు పంపాలి. లెక్కల్లో వెనకబడ్డవాళ్లను మాత్రమే ఏరి పంపితే, చేతిపని అంటే శిక్ష అని మనమే వాళ్లకు నేర్పినవాళ్లమవుతాం. శిక్షగా ఇచ్చిన పనిలో ఎవరు మేటి కావాలనుకుంటారు?

ఒక చిన్న లెక్క మాత్రం మిగిలి ఉంది. డోక్రా చేసే ఓజా తల్లి ఒకామె మన బడికి వచ్చి పది రోజులు పిల్లల పక్కన కూర్చుంటే, ఆ పది రోజుల సొంత పని ఆమెకు పోతుంది. పిల్లలు పాడుచేసే మైనం ఉంటుంది, ఇత్తడి ఉంటుంది. మా బడి ఖర్చుల పుస్తకంలో సుద్దముక్కలకు పద్దు ఉంది, జెండా పండుగకు పద్దు ఉంది. ఆమె పది రోజులకు లేదు. ఈసారి యాజమాన్య కమిటీ కూర్చున్నప్పుడు ఆ పద్దు రాయించాలని ముగ్గురం అనుకున్నాం. ఎంత రాయాలన్నదాని మీద మాత్రం మాలో మాకు ఇంకా కుదరలేదు. రోజు కూలి లెక్కనా, ఉపాధ్యాయుడి జీతం లెక్కనా అని.